రేకు మీదికి రాని మనిషి

మ్యూజియం, మూడో నంబరు గది
మార్చి 4

అక్కా,

నువ్వు బాగున్నావని, బావ మోకాలి నొప్పి తగ్గిందని అనుకుంటున్నాను. నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే "ఊ", "ఆ" తప్ప నా నోట్లోంచి మాట ఊడిపడదని తిడతావు కదా, అందుకే కాగితం తీశాను. పొద్దుటి నుంచి గదిలోకి ఇద్దరే వచ్చారు. అందులో ఒకాయన బాత్రూమ్ ఎటు అని అడగడానికి వచ్చాడు.

విషయం ఏమిటంటే, నేను కాపలా కాసే జపాన్ బొమ్మల్ని తీసేస్తున్నారు. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం పరిచి చేత్తో రుద్ది తీసే అచ్చులని నీకు ఇదివరకే చెప్పాను. పన్నెండు ఉన్నాయి. పాత డైరెక్టరు ఉన్నన్నాళ్ళూ వాటిని గోడ మీంచి దించిందే లేదు. ఇప్పుడు పాత కాగితాలను బాగుచేసే ఆవిడ ఒకరు వచ్చారు. మేమంతా కాగితాల డాక్టరమ్మ అంటాం. ఆవిడ మీటరు పెట్టి చూసి, "వెలుతురు తగిలి తగిలి సగం రంగు పోయింది, ఇంక ఇవి చీకటి సొరుగులోనే ఉండాలి" అంది. గోడలు బోసిగా వదిలేయలేరు కదా. వాటిని ఫొటోలు తీసి, అల్యూమినియం రేకుల మీద వేయించి పెడతారట. రేకులకి వెలుతురంటే అంత భయం లేదట.

"మా అక్క చేసే పని అదే" అని నోరు జారాను. నేను నోరు జారడం ఇక్కడ ఎవరూ ఎరగరు, అందరూ తలలు తిప్పి చూశారు. నీ వర్క్‌షాపు అడ్రసు రాసుకున్నారు.

ఒక్క మాట. ఐదో బొమ్మ, మంచు పడుతున్న రేవు. పడవ ఒడ్డు వదిలి వెళ్తూ ఉంటుంది. అది నా కుర్చీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పదిహేడేళ్ళుగా చూస్తున్నాను. దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వకు. నువ్వే చెయ్యి.

బావకి నమస్కారాలు.

చంటి

*

వర్క్‌షాపు
మార్చి 21

ఒరేయ్ చంటీ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం అనేసరికి గుండె ఝల్లుమంది, ఉద్యోగం ఊడిందేమోనని. చదివాక కదా ఊపిరి పీల్చుకున్నాను. మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ బావ మోకాలికేం, దివ్యంగా ఉంది, పొద్దున్నే నడకకి కూడా వెళ్ళొస్తున్నారు. వర్క్‌షాపులో కూర్చుని ఎందుకు రాస్తున్నానంటావేమో, మీవాళ్ళ ఆర్డరు పుణ్యమా అని ఇల్లు చేరే తీరికే లేదు.

యాభై ఒక్క ఏళ్ళు వచ్చాక తమ్ముడు అక్కకి పని ఇప్పించాడు! మా ఓనరుకి చెప్తే నమ్మలేదు. "ఆ మాట్లాడని తమ్ముడేనా?" అన్నాడు.

నీ ఐదో బొమ్మ నేనే చేశాను. పన్నెండూ నేనే చేశాను, నీ మీద ఒట్టు. మా దగ్గరొక పద్ధతి ఉంది. బొమ్మ రేకెక్కేముందు మొహం కడగాలంటాం. పాత కాగితం మీద మచ్చ ఉంటే కాగితంలో కలిసిపోతుంది. అదే మచ్చ రేకు మీద పుండులా పొడుచుకొస్తుంది. అందుకని కంప్యూటర్ తెర మీద బొమ్మని గోరంత గోరంత ముక్కలుగా పెద్దది చేసుకుని మరకలూ, మడతలూ, పురుగు కొట్టిన చిల్లులూ అన్నీ తీసేస్తాను. ఒక్క నీ రేవుకే నాలుగు రోజులు పట్టింది. కళ్ళు లాగేశాయనుకో.

తర్వాత ఆ బొమ్మని తిరగేసి ఒక కాగితం మీద అచ్చు తీసి, రేకు మీద బోర్లించి, ప్రెస్సులో పెట్టి మూత దించుతాం. రెండు వందల డిగ్రీల వేడి. రంగు ఆవిరైపోయి రేకు పూతలోకి దిగిపోతుంది. మూత ఎత్తి కాగితం లాగితే, చంటీ, ఏం నీలంరా అది! ఆ వాడిపోయిన రంగుల్ని కాస్త పైకి లేపాను కూడా. నీ మీద ప్రేమ కొద్దీ దానికొక్కదానికీ నిగనిగలాడే రేకు వాడాను. మిగతావి మామూలువే.

చూసి ఎలా ఉందో రాయి. "బాగుంది" అని ఒక్క ముక్క రాసి పంపావో, ఊరుకునేది లేదు. మీ బావ నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు.

అక్క

*

మ్యూజియం, మూడో నంబరు గది
ఏప్రిల్ 26

అక్కా,

రేకులు బిగించారు. గోడకి అంగుళం ఎడంగా, ఫ్రేమూ అద్దమూ లేకుండా ఉన్నాయి. డైరెక్టరుగారు చూసి "నిన్న చెక్కినట్టున్నాయే" అన్నారు. మా అక్క చేసింది అని చెప్పాను, రెండుసార్లు. నీలం సంగతి నువ్వు అన్నది నిజమే. ఇన్నేళ్ళూ నేను చూసింది నీలం కాదు, అది వెలిసిపోయాక మిగిలింది. నిగనిగలాడే రేకు కావడంతో ఎదురుగా కూర్చుంటే మంచులో నా మొహం కూడా కనిపిస్తోంది, బట్టతలతో సహా. దానికి నువ్వేం చేస్తావులే.

కానీ అక్కా, ఒక మనిషి లేదు.

పడవలో ఐదుగురున్నారు, టోపీలు పెట్టుకుని, మంచుకి వంగిపోయి. వాళ్ళు ఉన్నారు. గట్టు మీద, పడవ తాడు కట్టే గుంజ పక్కన, బియ్యపు గింజంత ఒకావిడ ఉండేది. గోధుమ రంగులో, తల కొంచెం దించుకుని. పడవ తప్పిపోయిందో, ఎవరినైనా ఎక్కించడానికి వచ్చి నిలబడిపోయిందో నాకు తెలీదు. దగ్గరికి వెళ్ళి చూస్తేనే కనిపిస్తుంది. నాకైతే కుర్చీలోంచే కనిపించేది.

నువ్వు నవ్వుతావని తెలుసు. రోజూ గది తాళం తీయగానే మొదట అటే చూసేవాణ్ణి. కబుర్లు చెప్పేవాణ్ణి, పైకి కాదులే, లోపల్లోపల. ఇవాళ వాన అనో, స్కూలు పిల్లలు గోల చేసి వెళ్ళారనో, కొత్త బూట్లు కరుస్తున్నాయనో. మా ఇంటి యజమాని నాతో మాట్లాడేది నెలకోసారి. ఇక్కడ వచ్చేవాళ్ళతో నేను అనే మాట ఒక్కటే, "దయచేసి దగ్గరికి వెళ్ళకండి". నేను మాట్లాడుకునే మనిషి ఆవిడే అక్కా. ఇప్పుడక్కడ తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు. మూడు రోజుల నుంచి అన్నం సరిగ్గా దిగడం లేదు.

ఎక్కడికి పోయింది? కాస్త చూసి చెప్పు.

బావ ఎలా ఉన్నాడు?

చంటి

*

వర్క్‌షాపు
మే 3

చంటీ,

హవ్వ! నేను మోసుకొచ్చిన సంబంధాలన్నిటికీ ముక్కు వంకరనీ మూతి వంకరనీ వంక పెట్టి, చివరికి బియ్యపు గింజంత ఆడమనిషిని చూసుకున్నావా? అదీ నాకు చెప్పకుండా! ఆ ముక్క ముందే చెబితే పెళ్ళిచూపులకి నేనే వచ్చి మాట్లాడేదాన్ని కదరా. నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ బావ పొట్ట పట్టుకుని నవ్వారు.

కోప్పడకు. కంగారు పడకు. ప్రెస్సులో ఒక్కోసారి అలా అవుతుంది, అంచు దగ్గర రంగు సరిగ్గా పట్టదు. మిషన్ తప్పే అయి ఉంటుంది. చూసి మళ్ళీ వేస్తాను. నువ్వు ముందు అన్నం తిను. గోడ మీద మనిషి కోసం మంచం పట్టావంటే నలుగురూ నవ్వుతారు.

మేం బాగానే ఉన్నాం.

అక్క

*

మ్యూజియం, కోట్లు, గొడుగులు భద్రపరిచే కౌంటర్
మే 15

అక్కా,

పైన ఏం రాశానో చూశావుగా. గది మార్చమని నేనే అడిగాను. పదిహేడేళ్ళలో నేను అడిగిన మొదటి కోరిక, వెంటనే తీర్చేశారు. ఇక్కడ కోట్లూ గొడుగులూ తీసుకుని నంబరు బిళ్ళ ఇవ్వాలి. మనుషులు దగ్గరికొస్తారు, మాట్లాడతారు. "నా గొడుగు నల్లది" అంటారు. అన్నీ నల్లవే.

మధ్యాహ్నం భోజనం వేళ మూడో నంబరు గదికి వెళ్ళొస్తున్నాను. ఇంకో కాపలావాడు నా కుర్చీలో కూర్చుని కునుకు తీస్తున్నాడు. నేను వెళ్ళి గుంజ పక్కన చూస్తాను. లేదు. తిరిగొచ్చేస్తాను.

జూన్ 10న గదిని కొత్త రేకులతో మళ్ళీ జనానికి తెరుస్తున్నారు. ఆ లోపు ఏదైనా మార్చాలంటే మార్చొచ్చట, ఆ తర్వాత ఐదేళ్ళ దాకా గోడ ముట్టుకోరట. నువ్వు మళ్ళీ వేస్తానన్నావు కాబట్టి తేదీ రాస్తున్నాను. తొందర పెట్టడం లేదు. పెడుతున్నానేమో కూడా.

బావ అంతలా నవ్వాడంటే సంతోషం. ఆయన నవ్వగా చూసి చాలా కాలమైంది. ఈసారి నీ ఉత్తరం కింద ఆయన్నే నాలుగు మాటలు రాయమను.

చంటి

*

వర్క్‌షాపు
మే 24

చంటీ,

మీ బావకి తీరిక లేదు. తర్వాత రాస్తారులే.

ఇది ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చించాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మన చుట్టాలందరూ అంటారు కదా, మూడు వారాలుగా మింగలేక కక్కలేక చస్తున్నాను. మిషన్ తప్పు కాదురా. నేనే తీసేశాను. చేసిన ప్రతి తుడుపూ కంప్యూటర్‌లో ఉంటుంది. వెతికితే గుంజ పక్కన నా చెయ్యి దొరికింది. మార్చి 11, మధ్యాహ్నం. ఒక్క క్షణం పని.

ఆవిణ్ణి తిరిగి పెడదామనే కూర్చున్నాను. సరిగ్గా ఎలా ఉండేదో చూద్దామని అదే బొమ్మ ఇంకో అచ్చు కోసం వెతికాను. ఒక్కో చెక్క మీంచి వందల కాగితాలు తీసేవాళ్ళు కదా, వేరే చోట ఇంకొకటి ఉంది, దాని ఫొటో పుస్తకంలో దొరికింది. పడవ అదే, గుంజ అదే, ఐదుగురూ వాళ్ళే. గట్టు మీద ఎవరూ లేరు.

అప్పుడు మీ కాగితం ఫొటోని ఇంకా పెద్దది చేసి చూశాను. చెక్కిన గీత అయితే అంచు కోసినట్టుంటుంది. ఇది అలా లేదు, కాగితం నారల వెంట పాకింది. మరకరా చంటీ. ఎవరో పుణ్యాత్ముడు టీ తాగుతూ బొమ్మ చూసి ఉంటాడు, చుక్క పడి ఉంటుంది. ఆ బొమ్మ చెక్కినవాడు అక్కడ ఎవరినీ నిలబెట్టలేదు.

రాశాను. ఇక నన్ను తిట్టు.

ఇంకోటి కూడా ఉంది. రెండో రేకు వేశాను. మరకని పెట్టి. నాలుగు రోజులు తుడిచిన చేత్తోనే మళ్ళీ పెట్టాను, తల వంపు కూడా సరిపోయేదాకా చూశాను. ఓనరు చూసి "మచ్చలు తీయడానికి నిన్ను పెట్టుకుంటే నువ్వు పెడతావా?" అని అరిచాడు. కావాలని మరక వేశామని మీవాళ్ళకి తెలిస్తే ఇంకెప్పుడూ మాకు పని ఇవ్వరట. ఇవ్వకపోతే పోనీ. దాన్ని కట్టి పెట్టి ఉంచాను. నీకేమీ చెప్పకుండా "మిషన్ బాగుచేశాం" అని పంపేసి ఉండొచ్చు. నువ్వు సంతోషంగా వెళ్ళి నీ కుర్చీలో కూర్చునేవాడివి. చేతులు రాలేదు. నువ్వు నిజమనుకుని మాట్లాడుతుంటే, నేనిక్కడ అది టీ మరక అని తెలిసి కూర్చోవాలా?

నువ్వే చెప్పు. పంపమంటే రేపే పంపుతాను.

అక్క

*

మ్యూజియం, కోట్లు, గొడుగులు భద్రపరిచే కౌంటర్
మే 29

అక్కా,

అది మరకేనని నాకు తెలుసు.

నేను చేరిన మూడో ఏడు, బొమ్మల లెక్క చూడడానికి వచ్చినాయన చెప్పాడు. "ఇదిగో, ఇక్కడేదో ఒలకబోశారు" అని వేలు పెట్టి చూపించాడు. నేను తల ఊపాను. ఆయన వెళ్ళిపోయాక మళ్ళీ చూశాను. ఆవిడే. ఏం చేయను? మరక అని తెలిశాక కూడా పద్నాలుగేళ్ళు కబుర్లు చెప్పాను. పిచ్చివాణ్ణి కాదు. ఎవరో ఒకరితో చెప్పుకోవాలి కదా అక్కా. నీకు ఫోన్ చేస్తే నువ్వు "ఏంట్రా విశేషాలు" అంటావు. నాకు విశేషాలేముంటాయి, బూట్లు కరుస్తున్నాయి తప్ప.

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను. జనవరిలో బావ ఇక్కడికి వచ్చాడు. నన్ను చూడడానికి కాదు, నేను ఈ మ్యూజియంలోనే ఉన్నానని మరిచిపోయినట్టున్నాడు. టికెట్ కొనుక్కుని, ఆ గదిలో బెంచీ మీద గంటసేపు కూర్చున్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మా కాపలావాళ్ళకి ఒక పద్ధతి ఉంది. బొమ్మ ముందు ఎవరైనా ఏడిస్తే మేం గోడవైపు తిరుగుతాం. వాళ్ళని చూడకూడదు. నేనూ తిరిగాను. మా బావ ఏడుస్తుంటే గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

వెళ్ళేటప్పుడు ఆయనే నన్ను గుర్తుపట్టాడు. "మీ అక్క చెప్పలేదా?" అన్నాడు. మీరిద్దరూ ఒక ఇంట్లో ఉండి మాట్లాడుకోవడం మానేశారని, గొడవ కూడా ఏమీ కాదని, పోయిన ఏడు ఇల్లు ఖాళీ చేసి తను వాళ్ళ అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయాడని, నువ్వు వర్క్‌షాపు మేడ మీద గది తీసుకున్నావని చెప్పాడు. నీ గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు.

నీ అంతట నువ్వే చెబుతావని రెండు నెలలు చూశాను. చెప్పలేదు. అప్పుడు ఉత్తరం మొదలుపెట్టాను. బావ మోకాలి గురించి అడిగాను. ఆయన నడకకి వెళ్ళొస్తున్నారని రాశావు. పొట్ట పట్టుకుని నవ్వారని రాశావు. చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది, నీ మీద కోపం కూడా వచ్చింది. లేని మనిషి చేత నన్ను అడిగించడం దేనికి? నువ్వే అడగొచ్చు కదా.

ఆవిడ కావాలని నేను అడిగింది అబద్ధం కాదు. ఆవిడ లేకుండా ఆ గదిలో కూర్చోలేకపోతున్న మాట నిజం. అయినా ఆ రేకు పంపొద్దు. పంపావంటే నేను మళ్ళీ దాంతోనే మాట్లాడుకుంటూ ఉండిపోతాను. నా సంగతి నాకు తెలుసు.

చంటి

*

వర్క్‌షాపు మేడ మీద, నా గది
జూన్ 3

చంటీ,

నీ ఉత్తరం కింద ప్రెస్సు దగ్గర నిలబడి చదివాను. మూత దించి మరిచిపోయాను. ఎవరిదో పెళ్ళి ఫొటో మాడి మసైంది. ఓనరు తిట్టబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు.

నీకెందుకు చెప్పలేదంటే, నాకు సిగ్గేసింది. ఇంకేం లేదు. నీకు సంసారం లేదని ఇన్నేళ్ళూ వేళాకోళం చేసినదాన్ని. నా సంసారం చేతుల్లోంచి ఎప్పుడు జారిపోయిందో కూడా చెప్పలేను. ఆయన చెప్పింది నిజమే, గొడవేం లేదు. గొడవ పడినా బాగుండేది. ఉత్తరంలో "మీ బావ అడిగినట్టు చెప్పమన్నారు" అని రాసినప్పుడల్లా, అది రాసినంతసేపూ, ఆయన పక్కగదిలో ఉన్నట్టుండేది. నిన్ను చూసి నవ్వాను గానీ నేను చేసింది మాత్రం ఏమిటి?

ఆయన ఏడ్చాడా? నా ముందు ఎప్పుడూ ఏడవలేదు. నువ్వు చూశావు, నేను చూడలేదు.

రెండో రేకుని తుక్కులో వేశాను. వేసేముందు ఆవిణ్ణి ఒకసారి చూశాను. నువ్వు చెప్పినట్టే తల దించుకునే ఉంది. నువ్వు వద్దన్నావు కాబట్టి వేశానే గానీ ఆ పూటంతా మనసు మనసులో లేదు.

ఇక్కడ నాతో మాట్లాడేది ఓనరూ, ఆర్డర్లు పట్టుకొచ్చేవాళ్ళూ. పై గదికి ఒకటే కిటికీ, అది ఎదురు షాపు షట్టర్‌కేసి ఉంటుంది. ఒక్కదానికి వంటేం చేసుకుంటాంలే అని మానేస్తున్నాను. నేను బాగా లేను చంటీ. ఈ ముక్క రాయడానికి ఇంత కాలం పట్టింది.

పదో తారీఖున వస్తున్నాను. ఓనరుకి చెప్పాను, నాలుగు రోజులు. స్టేషన్‌కి రావద్దు, నీకు డ్యూటీ. మూడో నంబరు గదికే తిరిగి వేయమని అడుగు. రెండో కోరిక కూడా తీరుస్తారులే. నేను నేరుగా అక్కడికే వచ్చి బెంచీ మీద కూర్చుంటాను. నువ్వు చెప్పాల్సినవన్నీ చెప్పు, బూట్ల దగ్గర్నుంచీ. పైకే చెప్పాలి.

నేను వచ్చీ రాగానే ఏడుస్తాను, అది మాత్రం ఖాయం. మీ పద్ధతులు మీకుంటాయి, కాదనను. కానీ నువ్వు గోడవైపు తిరగకు.

అక్క